కార్సికా దేశపిత పాస్క్వాలే పావొలీ

జన్మభూమిపై మమకారము ప్రాణికోటి కెల్ల సహజమైనది. అయినను నీటి నడుమ బుట్టినవాని మమకారము కొంత ప్రత్యేకమైనదని మా యభిప్రాయము. గోదావరికి వఱద వచ్చినపుడు లంకగ్రామముల రైతులు పశువులతోడను బిడ్డలతోడను గట్టున కెక్కి, దొరికిన నీడను తల దాచుకొందురు. వఱద తీయగనే, ఇల్లు నిలిచినదో కూలినదో యెఱుగకయే, పడవ లెక్కి మరల నా లంకకే పోవుదురు. గట్టున నింతకంటె మేలైన నేల దొరకదా యని యెవరైన నడిగినచో వారు చిఱునవ్వు నవ్వి యూరకుందురు. వారియొద్ద నుత్తరము లేక కాదు. గట్టువానికి జెప్పిన నది బోధపడదని వారి తలంపు.

నేడు మేము పాఠక మహాశయుల యెదుట నుంచదలచిన జీవితము, మధ్యధరా సముద్రమునందలి కార్సికా ద్వీపమున బుట్టి, ఆ దీవి కొఱకే బ్రతికి, దానికి దూరముగా లండను నగరమున గన్ను మూసిన పాస్క్వాలే పావొలీ మహాశయునిది. ఆయన 81 సంవత్సరములు జీవించెను. అందు సుమారు 48 సంవత్సరములు పరదేశమునందే గడచెను. జన్మభూమిపై నాయన కాలు మోపియున్న కాలము 33 ఏండ్లు మాత్రమే. అయినను కార్సికావాసులు నేటికిని ఆయనను దేశపిత యని పిలుచుచున్నారు. ఊరిలో నుండి యూరికి మేలు చేయుట యొక విధము. ఊరికి దూరమై యూరిని మఱువకుండుట వేఱొక విధము. మన వారిలో ననేక కుటుంబముల బిడ్డలు నేడు సముద్రములు దాటి జీవించుచున్నారు గావున, ఈ రెండవ విధమును గూర్చి యోచించుట మన కవసరమని తలచి యీ చరిత్రను వ్రాయుచున్నాము.

కార్సికా ద్వీపము ఉత్తర దక్షిణములుగా సుమారు 114 మైళ్ల పొడవును, తూర్పు పడమరలుగా 52 మైళ్ల వెడల్పును గలది. దీవి యనగానే సమతలమైన యిసుకనేల యని తలపరాదు. అది సముద్రమునుండి లేచి నిలిచిన యొక పర్వతము వంటిది. చింతో యను శిఖరము 8,800 అడుగులకు పై యెత్తు గలది. కొండచరియలయందు రోజ్‌మేరీ మొదలగు సుగంధపు పొదలు దట్టముగా బెరిగి, వేసవిలో వాని పరిమళము సముద్రముపై బోవు నావికులకు గూడ సోకునని ప్రతీతి. ఈశాన్యభాగమున చెస్ట్‌నట్ చెట్లతో నిండిన కస్తానిచ్చా యను సీమ కలదు. అచటివారికి పూర్వము ఆ కాయల పిండియే అన్నము. ఆ సీమకు జేరిన మొరోసాలియా గ్రామమున 1725వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన పావొలీ జన్మించెను.

ఆ కాలమున కార్సికా, ఇటలీ తీరమునందలి జెనోవా నగర ప్రభుత్వము వారి యేలుబడిలో నుండెను. వారు దీవిని పన్నులు పిండుకొను కామధేనువుగా జూచిరే కాని బిడ్డలవలె జూడలేదు. పావొలీకి నాలుగేండ్ల ప్రాయమున, 1729లో, ప్రజలు పన్నుల భారము నోర్వలేక తిరుగబడిరి. బాలుని తండ్రియగు జచింతో పావొలీ ఆ తిరుగుబాటు నాయకులలో నొకడు. బాలుడు ఉయ్యాల దిగినది మొదలు విన్న కథలు యుద్ధకథలే. చూచిన యతిథులు ఆయుధపాణులే. ఫ్రాన్సు దేశపు సేనలు జెనోవాకు సాయముగా వచ్చి తిరుగుబాటు నణచినందున, 1739లో జచింతో దేశము విడువవలసి వచ్చెను. పెద్దకుమారుడు క్లెమెంతే దీవియందు నిలిచిపోయెను. పదునాలుగేండ్ల చిన్నకుమారుని వెంట బెట్టుకొని తండ్రి నేపుల్సు నగరమునకు బోయెను. పావొలీ జీవితమున నిది మొదటి ప్రవాసము.

ప్రవాసము కొందఱిని క్రుంగదీయును. కొందఱికి విద్య గఱపును. నేపుల్సు నాడు విద్యలకు నిలయము. బాలుడు లాటిను, ఇటాలియను భాషలయందు గ్రీకు రోమను మహాపురుషుల చరిత్రలను జదివెను. రాజనీతి గ్రంథముల నభ్యసించెను. తండ్రి కన్నుల యెదుట దినదినము నీరసించుచుండుట చూచుచు, దేశము గోల్పోయిన మనుజుని దైన్య మెట్టిదో చదువుటకంటె ముందే యెఱిగెను. పెరిగి నేపుల్సు సైన్యమున నుద్యోగియై సిసిలీ మొదలగు చోటుల బనిచేసి, తుదకు ఎల్బా ద్వీపమునందలి లొంగోనె దుర్గమునకు జేరెను. ఎల్బా పడమటి కొండలనుండి కార్సికా కొండలు 30 మైళ్ల దూరమున, ఆకాశము నిర్మలముగా నున్న దినములలో, స్పష్టముగా గనబడును. ఇరువది తొమ్మిదేండ్ల సైనికోద్యోగి యచట గడపిన నెలలలో బుట్టిన దీవి యొక కేక దూరమున నున్నట్లే యుండెను. కాని దానియందు బరప్రభుత్వము పాతుకొని యుండెను.

1753లో కార్సికా నాయకుడు గఫోరి హత్య చేయబడెను. దీవి నాయకుడు లేని నావయయ్యెను. దేశమునందున్న అన్న క్లెమెంతేయు, మఱికొందఱు పెద్దలును దృష్టిని తమ్మునివైపు మరల్చిరి. 1755 ఏప్రిలులో పావొలీ పదునాఱేండ్ల పిదప స్వదేశమున నడుగు పెట్టెను. ఆ జూలైలో ప్రజాసభ ఆయనను దేశసేనానిగా నెన్నుకొనెను. అన్న యుండగా దమ్ముని నెన్నుకొనుట వింత యని తోపవచ్చును. క్లెమెంతే గొప్ప యోధుడు, భక్తిపరుడు. అయినను రాజ్యము నడుపుటకు గావలసిన విద్య తమ్మునియొద్ద నున్నదని గుర్తించి, ఈసు లేక, జీవితాంతము తమ్మునికి గుడిభుజమై నిలిచెను. మాత్రా వంశమువాడొక్కడు ఈ యెన్నికను సహింపక యెదిరించి, ఒకానొకప్పుడు పావొలీని ముట్టడించి ప్రాణాపాయమునకు దెచ్చెను. అపుడు సమయమునకు సేనతో వచ్చి కాచినవాడు క్లెమెంతేయే. అన్నదమ్ముల యీ సఖ్యము లేనిచో నీ చరిత్రయే లేదు.

1755 నవంబరులో కొండల నడుమనున్న కోర్తె పట్టణమున ప్రజాప్రతినిధులు సమావేశమై యొక రాజ్యాంగమును స్థాపించిరి. గ్రామ గ్రామమునుండి యెన్నుకొనబడిన ప్రతినిధులు ఏటేట సభ జేరవలెను. పన్నులు, శాసనములు, యుద్ధసంధులు ఆ సభ యధీనము. సేనాని తన నడవడికి సభయెదుట లెక్క చెప్పవలెను. అమెరికావారి రాజ్యాంగమునకు ముప్పది రెండేండ్లకు బూర్వము, ఫ్రాన్సు విప్లవమునకు ముప్పది నాలుగేండ్లకు బూర్వము, లక్షకు పైచిలుకు జనముగల పేద దీవియందు జరిగిన కార్యమిది. జెనోవావారు కోటలు గల రేవుపట్టణములలో నిలిచియుండిరి. లోనాడెల్ల ప్రజాప్రభుత్వము క్రింద నుండెను.

కార్సికావాసులకు బయటి శత్రువుకంటె లోని శత్రువు బలవంతుడు. ఆ శత్రువు పేరు పగ. ఒక వంశమున నొకడు చంపబడినచో, చంపినవాని వంశమున నొకనిని జంపువఱకు ఆ యింటివారికి నిద్ర పట్టదు. తరతరములు గడచినను ఆ ఋణము తీరదు. పల్నాటి కథ నెఱిగిన మన తెలుగువారికి దీనిని వేఱుగ వివరింప నక్కఱ లేదు. పావొలీ దీనిపై గఠినశాసనము చేసెను. పగతో హత్య చేసినవానికి మరణదండన. వాని యిల్లు నేలమట్టము. శాసనమునకు బంధువులు, పరులు అను భేదము లేదు. ప్రజలు న్యాయస్థానమునకు వచ్చుట నేర్చుకొనిరి. కత్తి యొరలో నుండగా బ్రతుకవచ్చునని ఆ తరమువారు మొదటిసారి తెలిసికొనిరి.

ఆయన చేసిన తక్కిన పనులను సంక్షేపముగా జెప్పెదము. జెనోవావారి యధీనమునందున్న రేవులపై నాధారపడకుండుటకై వాయవ్య తీరమున ఎఱ్ఱదీవి యను నర్థము వచ్చు లీల్ రూస్ అను కొత్తరేవును గట్టించెను. దేశమునకు సొంత నాణెములు ముద్రించుటకు టంకశాల నేర్పరచెను. అచ్చుయంత్రమును దెప్పించి వార్తాపత్రిక నడిపించెను. చిత్తడినేలల నీటిని దీయించి సాగునకు దెచ్చుటకు యత్నించెను. బంగాళాదుంపల సాగును ప్రోత్సహించెను. దానిని బట్టి శత్రువులు ఆయనను దుంపల సేనాని యని పరిహసించిరి. ఆకలి యెఱిగిన ప్రజల సేవకునకు ఆ బిరుదము పరిహాసముగాక భూషణమే యని మా తలంపు.

వీని యన్నింటికంటె గొప్పది విద్య. 1765 జనవరిలో కోర్తెయందు విశ్వవిద్యాలయము తెఱవబడెను. అంతకుముందు చదువుకొనగోరు కార్సికా యువకుడు ఇటలీకి బోవలసినదే. పరాయిచోట జదివి వచ్చినవాడు సొంతచోట గూడ చదువుండవలెనని తలచుట యీ విద్యాలయమునకు మూలము. తాను నేపుల్సులో నారగించిన యన్నమును దీవి బిడ్డలు తమ యింటనే యారగింపవలెనని యాయన కోరిక. అచట జదివినవారిలో కార్లో బొనపార్టె యొకడు. అతడు పావొలీకి గార్యదర్శిగా గూడ బనిచేసెను. అతని కుమారుడే నెపోలియను.

ఈ చిన్నదీవి సుద్ది యూరపు నంతటను వ్యాపించెను. రూసో పండితుడు 1762లో బ్రకటించిన గ్రంథమున కార్సికాను బ్రశంసించెను. పిదప దానికొక రాజ్యాంగము వ్రాయ బూనెను గాని పూర్తిచేయలేదు. 1765లో జేమ్సు బాస్వెల్ అను స్కాట్లండు యువకుడు పావొలీని జూచుటకై దీవికి వచ్చి, ఆయన యతిథియై, తిరిగిపోయి 1768లో కార్సికాను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. అది పెక్కు భాషలలోనికి బరివర్తన మయ్యెను. అట్లాంటికు మహాసముద్రమున కావల అమెరికా వలసలయందు గూడ పావొలీ నామము స్వాతంత్ర్యమునకు బర్యాయపదమయ్యెను. పెన్సిల్వేనియాలో నొక గ్రామమునకు ఆయన పేరే నేటికిని గలదు.

కీర్తి ఫిరంగులను ఆపలేదు. జెనోవావారు తమవలన గాదని తెలిసికొని, 1768 మే 15వ తేదీన వర్సెయిల్సు సంధివలన కార్సికాపై తమ హక్కులను ఫ్రాన్సు రాజునకు వదలుకొనిరి. దీవివారి నెవ్వరును అడుగలేదు. సరిగా ఆ కాలముననే, 1766, 1768 సంవత్సరముల సంధులతో, మన ఉత్తర సర్కారులు నైజాము చేతినుండి ఇంగ్లీషు కంపెనీ చేతికి మాఱినవి. మన వారి నెవ్వరును అడుగలేదు. నేలను సంతలోని పశువువలె జేతులు మార్చుకొను యుగమది. ఈ పోలికను మేము గొప్పకు జెప్పుటలేదు. ఆ దుఃఖము మనకు గ్రొత్త కాదని తెలుపుటకే చెప్పితిమి.

కార్సికావారు లొంగలేదు. 1768 అక్టోబరులో బోర్గో గ్రామమున ఫ్రెంచి సేనను ఓడించిరి. మఱుసటి వత్సరము ఫ్రాన్సు మఱింత పెద్ద సేనను బంపెను. 1769 మే 8, 9 తేదీలలో గోలో నదిపై పొంటె నోవు అను వంతెనయొద్ద ఘోరయుద్ధము జరిగెను. కార్సికావారు నాశనమైరి. పావొలీ స్వయముగా ఆ వంతెనయొద్ద లేడు. దూరమునుండి యుద్ధమును నడుపుచుండెను. ఆయన శాసనకర్తయే కాని గొప్ప సేనాపతి కాడని చరిత్రకారులు చెప్పుదురు. మహాపురుషుల లోపములను దాచుట వారికి సేవ కాదు గావున నీ సంగతిని మేమును జెప్పుచున్నాము. జూన్ 13వ తేదీన పోర్తొ వెక్యో రేవున మూడువందలకు పైబడిన యనుచరులతో రెండు ఇంగ్లీషు నావలెక్కి ఆయన దీవిని విడిచెను. నాటికి నలుబది నాలుగేండ్లవాడు. విశ్వవిద్యాలయము మూతపడెను. రెండు నెలల పిదప, ఆగస్టు 15వ తేదీన, అజాక్సియో పట్టణమున నెపోలియను జన్మించెను.

రెండవ ప్రవాసము మొదటిదానివంటిది కాదు. అపుడు తండ్రి చేయి పట్టుకొని పోయిన బాలుడు. ఇపుడు దేశమునే గోల్పోయిన నాయకుడు. ఇటలీ, జర్మను, హాలెండు దేశములమీదుగా ప్రయాణించి ఆ సెప్టెంబరులో లండను చేరెను. దారి పొడుగునను జనులు గుంపులుగా వచ్చి యాయనను జూచిరి. ఇంగ్లండు రాజు మూడవ జార్జి సంవత్సరమునకు 1,200 పౌనుల భృతి నేర్పరచెను. బాస్వెల్ తన యుపకారమును దీర్చుకొన దలచి, శబ్దకోశకర్తయగు జాన్సను పండితునకు ఆయనను బరిచయము చేసెను. ఆ కవిపండిత గోష్ఠిలో పావొలీ యొక సభ్యుడయ్యెను. ఆయన యింటి భోజనపు బల్లయొద్ద లండను నగరపు మేధావులు తఱచు కూర్చుండిరి. బాస్వెల్ లండనుకు వచ్చినపుడు పలుమాఱులు ఆయన యింటనే బస చేయుచుండెను.

ఇట్టి సుఖమునందు నిరువదియొక్క సంవత్సరములు గడచెను. ఆకలి లేదు, అవమానము లేదు, ఆదరము గలదు. పెక్కుమంది ప్రవాసులు ఇట్టి స్థితిలో పుట్టినచోటును బండుగనాటి ముచ్చటగా మార్చుకొని, క్రొత్తచోట వేళ్లు దన్నుదురు. పావొలీ యట్లు చేయలేదు. ఆయన పెండ్లి చేసికొనలేదు. ఇంగ్లండులో నొక వంశమును నాటలేదు. ఇంగ్లీషు గోష్ఠిలో గూర్చుండియు, స్వదేశీయులకు దన భాషలో లేఖలు వ్రాయుచు నుండెను. ఆ లేఖలు తరువాతి కాలమున సంపుటములుగా బ్రకటింపబడినవి. ఆయన మనస్సున నేమి మెదలెనో మేము కల్పించి చెప్పబోము. ఆయన చేసిన పనియే దానికి సాక్ష్యము. తలుపు తెఱువబడిన దినమున, అఱువది నాలుగేండ్లు దాటిన ముదుసలి, ఇరువదియొక్క యేండ్ల సుఖమును ఒక్కమాటున విడిచి లేచిపోయెను.

ఆ తలుపు 1789లో ఫ్రెంచి విప్లవమువలన దెఱువబడెను. నవంబరు 30వ తేదీన ఫ్రెంచి ప్రజాసభ కార్సికాను రాజ్యమున సమానభాగముగా బ్రకటించి, ప్రవాసులు తిరిగి రావచ్చునని తీర్మానించెను. 1790 ఏప్రిలులో పావొలీ పారిసునకు బోయెను. ప్రజాసభవారు, పదునాఱవ లూయీ రాజు, లఫయెతు సేనాని, రోబెస్పియరు మొదలగువారు ఆయనను గౌరవించిరి. జూలై 14వ తేదీన దీవి ఉత్తరపు కొనయందలి మచినాజ్జొ రేవున నావ దిగెను. దిగగనే మోకరిల్లి యా నేలను ముద్దిడుకొనెనని కార్సికావాసులు తరతరములుగా జెప్పుకొనుచున్నారు. సెప్టెంబరులో ఒరెజ్జా సభ ఆయనను దీవి ప్రభుత్వమున కధ్యక్షునిగాను, ప్రజాసేనకు అధిపతిగాను ఎన్నుకొనెను.

కథ యిచట ముగిసియుండిన నది మంగళాంతమై యుండెడిది. కాని తిరిగివచ్చినవానికి రెండవ పరీక్ష యొకటి కలదు. ఆయన గుండెలో మోసికొనిపోయిన కార్సికా 1769 నాటిది. ఆయన యెదుట నున్నది 1790 నాటిది. ఆయన విడిచినపుడు బాలురైనవారు ఇపుడు యువనాయకులై, ఫ్రెంచి పాఠశాలలలో జదివి, పారిసు మాటలు మాటలాడుచుండిరి. వారిలో బొనపార్టె సోదరులు ముఖ్యులు. వారు చిన్ననాట పావొలీని దేవునివలె గొలిచినవారు. ఆయనకు వారి తొందరపాటు నచ్చలేదు. వారికి ఆయన నిదానము నచ్చలేదు. ఇందు తప్పు ఒక్క వైపే కలదని మేము చెప్పజాలము. వృద్ధనాయకుడు తన మాట నెదిరించువారిని సహించుట నేర్చుకొనలేదనుటయు సత్యమే.

1793లో రాజును వధించిన విప్లవ ప్రభుత్వమునకును పావొలీకిని బొత్తు పొసగలేదు. సార్డీనియా దండయాత్ర విఫలమగుటకు ఆయనయే కారణమని నిందలు వచ్చెను. ఏప్రిలు 2వ తేదీన పారిసు సభ ఆయనను బంధింప నాజ్ఞాపించెను. ఆ నిందను మోపినవారిలో నెపోలియను తమ్ముడు లూసియె నొకడు. మే నెలలో కోర్తెయందు గూడిన ప్రజాసభ పావొలీ పక్షమున నిలిచి, బొనపార్టె వంశమును దూషించెను. జూన్ మాసమున ఆ కుటుంబము దీవిని విడిచి ఫ్రాన్సునకు బాఱిపోయెను. దాసుని కుమారుడు యజమాని పగవాడయ్యెనని కొందఱు. యజమానియే దాసుని కుమారుని దూరము చేసికొనెనని మఱికొందఱు. పగలను రూపుమాప బూనినవాని గుమ్మములోనికే పగ వచ్చి నిలిచెననుట మాత్రము నిక్కము.

ఫ్రాన్సు నెదిరించి నిలువలేమని తెలిసి పావొలీ ఇంగ్లండును బిలిచెను. 1794లో ఇంగ్లీషు నౌకాదళము ఫ్రెంచివారి కోటలను బట్టుకొనెను. కాల్వి ముట్టడిలో నెల్సను నావికుని కుడికంటి చూపు పోయినది. కార్సికా మూడవ జార్జి రాజు క్రింద సొంత ప్రతినిధిసభ గల రాజ్యమయ్యెను. పావొలీయే తమకు బెద్ద యగునని ప్రజలు తలచిరి. ఇంగ్లండు మాత్రము గిల్బర్టు ఎల్లియటు అను దన మనిషిని రాజప్రతినిధిగా నియమించెను. ఎల్లియటు ప్రభుత్వస్థానమును కోర్తెనుండి బాస్తియా రేవునకు మార్చెను. పావొలీ పెంచి పెద్దచేసిన పొత్సొ ది బోర్గో ఆ ప్రభుత్వమున ముఖ్యుడై, వృద్ధునికి దూరమయ్యెను. ప్రజలు పావొలీ మాట వినుచుండగా రాజప్రతినిధి మాట చెల్లదయ్యెను. ఒక ఒరలో రెండు కత్తు లిముడవు.

మూడవ జార్జి రాజు ఆయనను లండనునకు ఆహ్వానించెను. ఆ యాహ్వానమున మర్యాద గలదు. దాని యర్థము మాత్రము బహిష్కారము. అపుడు పావొలీ యేమి చేయవలెను? దీవి కొండలలో ఆయన పిలిచినచో లేచి వచ్చు వేలకొలది జనులుండిరి. ఆయన పిలువలేదు. తాను నిలిచిన అంతఃకలహము పుట్టును. అంతఃకలహము పుట్టిన ఫ్రాన్సు తిరిగి వచ్చును. 1795 అక్టోబరులో, డెబ్బది యేండ్ల ప్రాయమున, ఆయన మూడవసారి దీవిని విడిచెను. మొదటిమాఱు తండ్రి వెంట బోయెను. రెండవమాఱు ఓడి పోయెను. ఈ మాఱు, ఓడకయే, దేశము కొఱకు దేశమును విడిచెను. ఆయన జీవితమున నింతకంటె గఠినమైన కార్యము లేదని మా నమ్మకము. ప్రేమించినదాని నొద్దనుండి కాపాడుట యెవరికైన సాధ్యమే. తన సన్నిధియే దానికి గీడని తెలిసినపుడు తొలగిపోవుట కొందఱికే సాధ్యము. ఆ త్యాగము కూడ ఫలింపలేదు. 1796లో ఇంగ్లీషువారు దీవిని వదలిపోయిరి. ఫ్రెంచివారు తిరిగి వచ్చిరి.

కడపటి పదునొకండేండ్లు లండనులో గడచెను. జాన్సను మొదలగు మిత్రులు గతించిరి. బాస్వెల్ గూడ 1795లోనే మరణించెను. అటు నెపోలియను 1804లో చక్రవర్తి యయ్యెను. ఒకే దీవిలో బుట్టినవా రిరువురు. ఒకడు దీవిని విడిచి ప్రపంచమును జయింపబోయెను. తుదకు ఎల్బాలో బందియై, పిదప సెయింటు హెలీనా యను మఱియొక దీవిలో 1821లో మరణించెను. రాజ్యాధికారము చేత నున్నన్ని నాళ్లును పుట్టినదీవి కాతడు చేసిన మేలు స్వల్పమని కార్సికావారు నేటికిని తలచుచుందురు. రెండవవాడు ప్రపంచమును గోరలేదు, పుట్టినదీవినే కోరెను.

వృద్ధాప్యమున తిరిగిపోవు నాశ లేదని తెలిసినపుడు పావొలీ యొక పని చేసెను. 1804లో మరణశాసనము వ్రాయుచు, తన ధనమునుండి రెండు నిధుల నేర్పరచెను. ఒకటి, పుట్టిన మొరోసాలియా గ్రామమున బిల్లలకు జదువను వ్రాయను నేర్పు గురువు నిమిత్తము. రెండవది, మూతపడిన కోర్తె విద్యాలయము మరల దెఱువబడిన దినమున అచట బోధింపవలసిన నలుగురు ఆచార్యుల నిమిత్తము. నాటికి దీవి శత్రువు చేతిలో నున్నది.  విద్యాలయ మెన్నడు తెఱువబడునో యెవరును జెప్పలేరు. అయినను తాను జూడబోని బిడ్డలకు, తన పేరు నెఱుగని బిడ్డలకు, ఆయన జీతము కట్టి గురువులను నియమించెను. దీవిపై దిగులు పడుటకు గన్నీరు చాలును. ఆయన కన్నీరు గార్చుటతో దృప్తి నొందక దానిని పాఠశాలగా మార్చెను.

1807 ఫిబ్రవరి 5వ తేదీన పావొలీ మహాశయుడు లండనులో దేహము చాలించెను. సెయింటు పాంక్రాసు శ్మశానమున ఆయన భూస్థాపితుడయ్యెను. వెస్టుమినిస్టరు దేవాలయమున నింగ్లండు మహాపురుషుల నడుమ ఆయన శిలామూర్తి నుంచిరి. ఎనుబదిరెండేండ్లు అట్లే గడచిన పిదప, 1889లో ఆయన యస్థికలను నావపై దీవికి గొనిపోయి, మొరోసాలియాలో ఆయన పుట్టిన యింటనే సమాధి చేసిరి. పురుడు పోసిన యిల్లే సమాధిమందిరమయ్యెను. 1981లో కోర్తె విశ్వవిద్యాలయము మరల దెఱువబడెను. నేడది పావొలీ పేరనే వెలయుచున్నది. మూతపడిన 212 ఏండ్లకు ఆయన కోరిక నెఱవేఱెను.

పావొలీ జీవితము జయమా, అపజయమా? లెక్క చూచినచో ఆయన స్థాపించిన రాజ్యము పదునాలుగేండ్లు మాత్రమే నిలిచెను. పిలిచిన మిత్రరాజ్యము రెండేండ్లే నిలిచెను. కార్సికా నేటికిని ఫ్రాన్సునందలి భాగమే. దండు నడుపుటయందు ఆయనకు లోపములు గలవు. క్రొత్తతరమును గలుపుకొనుటయందు గలవు. పరరాజ్యమును నమ్ముటయందు గలవు. అయినను పగలతో జీలిన వంశముల నొక్క సభలో గూర్చుండబెట్టినవా డాయనయే. కత్తి చేతనున్నవానికి బుస్తకము నిచ్చినవా డాయనయే. రాజ్యము పోయినను సభయు బుస్తకమును దీవివారి జ్ఞాపకమున నిలిచినవి.

సోదరులారా, సోదరీమణులారా! ఊరు విడిచి పోవుట నేరము కాదు. మన పూర్వులు కూలికై రంగూనునకు, చెఱకుతోటలకై మారిషస్సునకు బోయిరి. మన బిడ్డలు విద్యకును ఉద్యోగమునకును దూరదేశములకు బోవుచున్నారు. వారికి పుట్టినచోటు తలపునకు వచ్చుట సహజము. అవకాయ రుచిని దలచుకొనుట, ఊరి చెఱువును గలగనుట, పండుగనాడు కన్ను చెమర్చుట యన్నియు మంచివే. పావొలీ చరిత్ర మన కంతకంటె నొక యడుగు ముందునకు జూపుచున్నది. తలపునకు వచ్చిన యూరిలో నొక పిల్లవానికి బలపము కొనియిచ్చువాడే ఆ తలపునకు ఋణము దీర్చినవాడు. ఊరి యందున్న మనకును ఒక ధర్మము కలదు. తిరిగి వచ్చినవానిని, అతడు మాఱినాడని గాని, మనము మాఱితిమని గాని తలచి దూరము చేసికొనరాదు. మొరోసాలియావారు తమ బిడ్డ యెముకలకైన నింట చోటిచ్చిరి. బ్రతికియున్నవారికి మనము గుమ్మమున చోటీయలేమా?

వఱద తీసినది. లంకకు పడవ లెక్కుచున్నారు. మీలో నెవరెవరు పడవయందున్నారో, ఎవరెవరు రేవున నిలిచి యెదురుచూచుచున్నారో మేమెఱుగము. ఉభయులకును క్షేమమగుగాక.